ఎండోస్కోపీ నేర్చుకునే డాక్టరుకు గురువు ఎక్కడ ఉండాలి?

దూర పక్షం: ఎండోస్కోపీ నేర్పగలవారు తక్కువ, నేర్చుకోవాల్సినవారు ఎక్కువ. నేర్పగలవారు కూడా పెద్ద నగరాల్లోని కొద్ది కేంద్రాల్లోనే ఉంటారు. హైదరాబాద్‌లోని ఏఐజీ ఆసుపత్రి వంటి చోటికి ఎక్కడెక్కడి నుంచో డాక్టర్లు వస్తారు. వర్క్‌షాపుల్లో కూర్చుంటారు, కొన్ని వారాలో నెలలో ఉండి చూస్తారు, కొంత చేస్తారు, తిరిగి తమ ఊరికి వెళ్తారు. అసలు పరీక్ష అప్పుడు మొదలవుతుంది. సొంత ఆసుపత్రిలో, అక్కడున్న పరికరాలతో, తన రోగికి మొదటిసారి చేసే రోజున పక్కన గురువు ఉండడు. దూరం నుంచి దారి చూపించే పద్ధతి పూడ్చేది ఈ ఖాళీనే. పైగా అది ఎండోస్కోపీకి బాగా నప్పుతుంది. 1983లో వీడియో ఎండోస్కోపు వచ్చేదాకా స్కోపు చివర కన్ను పెట్టినవారికే లోపలి దృశ్యం కనిపించేది. గురువు, శిష్యుడు ఒకేసారి చూడాలంటే స్కోపుకు రెండో కంటి గొట్టం తగిలించాల్సి వచ్చేది. ఇప్పుడు చేసే డాక్టరు కూడా మానిటర్‌నే చూస్తాడు. గదిలో ఉన్న మానిటర్‌కు వచ్చే బొమ్మ వెయ్యి కిలోమీటర్ల అవతలి మానిటర్‌కూ వెళ్తుంది. చేసేవాడు చూస్తున్నదే చెప్పేవాడూ చూస్తాడు.

సమక్ష పక్షం: తెర మీద కనిపించేది స్కోపు కొన ముందున్నది మాత్రమే. కష్టం చాలాసార్లు కొన వెనక ఉంటుంది. కొలనోస్కోపీలో సిగ్మాయిడ్ పేగు దగ్గర గొట్టం మెలిక పడితే, చేతితో ఎంత తోసినా కొన ముందుకు పోదు. ఒక్కోసారి వెనక్కి కూడా జారుతుంది. తోసిన బలమంతా మెలికను పెద్దది చేస్తుంది, పేగును సాగదీస్తుంది, రోగికి నొప్పి పుట్టిస్తుంది. ఈ సంగతిని కుడిచేయి ముందు గ్రహిస్తుంది. గొట్టం బిగుసుకున్నట్లు, తిప్పిన మలుపు కొన దాకా అందనట్లు తెలుస్తుంది. పక్కన నిలిచిన గురువు స్కోపును అర నిమిషం చేతిలోకి తీసుకుని, వెనక్కి లాగుతూ కుడివైపు తిప్పి, మెలిక విడిపించి తిరిగి ఇస్తాడు. అది విడిపోయేటప్పుడు ఎలా ఉంటుందో శిష్యుడి చేతికి కూడా అప్పుడే తెలుస్తుంది. రోగి పొట్ట ఎంత ఉబ్బింది, ముఖంలో బాధ ఎంత, నర్సు ఎక్కడ అదిమి పట్టాలి అన్నవి కూడా గదిలో ఉన్నవారికే సరిగా అందుతాయి.

దూర పక్షం: స్పర్శ తెర దాటి వెళ్లదన్నది నిజం. దాన్ని కొంతవరకు కన్నుతో భర్తీ చేయవచ్చు. అయస్కాంత చుట్టలు అమర్చిన స్కోపులు పొట్టలో గొట్టం ఆకారాన్ని మరో తెర మీద గీసి చూపిస్తాయి. మెలిక ఏ రకమో అందులో తెలుస్తుంది. శిష్యుడి చేతుల మీద ఒక కెమెరా, రోగి మీద ఇంకో కెమెరా పెట్టవచ్చు. ఇక చేయి మార్చడం గురించి. బ్రిటన్‌లో ఎండోస్కోపీ శిక్షణ ప్రమాణాలను చూసే జాగ్ వ్యవస్థలో, నేర్పేవారికి ఎలా నేర్పాలో చెప్పే కోర్సులున్నాయి. స్కోపును తొందరపడి లాక్కోవద్దని, చేయించాల్సిన పనిని మాటల్లో పెట్టమని, మాట అందకపోతే శిష్యుణ్ణి ఆపి, విడమరచి చెప్పి, మళ్లీ చేయించమని అవి నేర్పుతాయి. పక్కనున్న గురువులు చాలామంది ఈ నిగ్రహం పాటించలేరు. కేసు ఆలస్యమవుతోందని స్కోపు తీసుకుని తామే పూర్తి చేస్తారు. శిష్యుడు చూస్తూ నిలబడతాడు, చేయడం మాత్రం రాదు. దూరంగా ఉన్న గురువుకు ఆ వీలు లేదు. ప్రతి కదలికనూ స్పష్టమైన మాటగా మార్చక తప్పదు. ఇలా నేర్పించుకున్నవాడికి, తాను చేస్తున్నది ఎందుకు చేస్తున్నాడో కూడా తెలుస్తుంది.

సమక్ష పక్షం: లాక్కోవడం చెడ్డ అలవాటే, ఒప్పుకోవాలి. మాటల్లో నేర్పడం మంచి పద్ధతి, అదే గదిలో నిలబడి కూడా చేయవచ్చు. అయితే స్కోపు తీసుకునే హక్కు గురువుకు ఉన్నది శిష్యుడి కోసం కాదు, బల్ల మీద పడుకున్న మనిషి కోసం. పిత్తనాళంలోని రాయిని తీసే ఈఆర్‌సీపీలో, నాళం తెరుచుకునే పాపిల్లాను పదేపదే గుచ్చితే వాపు వస్తుంది, పాంక్రియాస్‌కూ పాకుతుంది. ఈఆర్‌సీపీ తర్వాత నూటికి 3 నుంచి 10 మందికి పాంక్రియాటైటిస్ వస్తుంది. అది కొద్దిమందిలో ప్రాణాంతకం. పాపిల్లాను 5 సార్ల కంటే ఎక్కువ తాకినా, 5 నిమిషాలు దాటినా, పాంక్రియాస్ నాళంలోకి ఒకసారికి మించి పొరపాటున వెళ్లినా ఆ కేసును కష్టమైనదిగా లెక్కకట్టి పద్ధతి మార్చాలని యూరప్ మార్గదర్శకాలు చెప్తాయి. ఆ గడువు దాటుతున్నప్పుడు పక్కనున్నవాడు స్కోపు తీసుకుంటాడు. దూరంగా ఉన్నవాడు ఆపమని చెప్పగలడు గాని నాళంలోకి గైడ్‌వైర్ ఎక్కించలేడు. ఆ వైరును చాలాచోట్ల ఆడించేది అసిస్టెంటు. అంటే అక్కడ రెండు జతల చేతుల్ని కలిపి నడపాలి. ఒక చెవికి చెప్పే మాటతో ఆ పని జరగదు.

దూర పక్షం: ఆ ప్రమాదం అందరికీ, అన్ని దశల్లోనూ ఒకేలా ఉండదు. శిక్షణ మెట్లు మెట్లుగా సాగుతుంది, చాలా మెట్లలో రోగే ఉండడు. తొలి దశ క్యాన్సర్‌ను జీర్ణనాళం గోడ లోపలి పొర కింద నుంచి ఒకే ముక్కగా కోసి తీసే ఈఎస్‌డీని తీసుకోవచ్చు. దీని శిక్షణకు 2019లో యూరోపియన్ సొసైటీ ఆఫ్ గ్యాస్ట్రోఇంటెస్టినల్ ఎండోస్కోపీ ఒక క్రమం ఇచ్చింది. మనుషుల మీద చేయడానికి ముందు కనీసం 20 కేసులు జంతు నమూనాల మీద చేయాలి. వాటిలో చివరి పదింటిలో కనీసం ఎనిమిదింట్లో ముక్క పూర్తిగా, ఒకటిగా రావాలి, రంధ్రం ఒక్కటీ పడకూడదు. పంది పొట్ట మీద సాధన చేసే ఆ రోజుల్లో గురువు ఎంత దూరంలో ఉన్నా ఎవరికీ హాని లేదు. ఇంకా ముందున్నది ఏ కణితిని కోయాలి, దేన్ని సర్జన్‌కు పంపాలి అన్న నిర్ణయం. చిన్న రక్తనాళాల అల్లిక, పొర మీది గుంటల ఆకారం చూసి లోతు అంచనా కట్టాలి. ఇది కంటితో చేసే పని. తప్పుడు కేసును ఎంచుకున్నాక ఎంత నేర్పుగా కోసినా ఫలితం తప్పే. ఆ ఎంపిక తెర మీదే బాగా నేర్పవచ్చు. రికార్డు చేసిన కేసును ఆపి, వెనక్కి తిప్పి చూపించడం పక్కన నిలిచిన గురువుకు చేస్తున్న సమయంలో కుదరదు.

సమక్ష పక్షం: ఎంపిక విషయంలో వాదం లేదు. జంతు నమూనాల విషయంలోనూ లేదు. కాని అదే మార్గదర్శకాన్ని చివరిదాకా చదవాలి. మనుషుల మీద చేసే మొదటి 10 ఈఎస్‌డీలైనా అందులో ఆరితేరినవారి పర్యవేక్షణలో జరగాలని అది అంటుంది. మొదటి 20 చిన్న కణితులై ఉండాలని, జీర్ణాశయం కింది భాగంలోనో మలాశయంలోనో ఉండాలని, పెద్దపేగుతో మొదలుపెట్టవద్దని కూడా అంటుంది. ఈ విద్య పుట్టిన జపాన్‌లో ఇది ఎలా నేర్పారో చూస్తే కారణం తెలుస్తుంది. 1990ల చివర టోక్యోలో కొనకు పింగాణీ గుండు ఉన్న ఐటీ కత్తితో ఇది రూపు దిద్దుకుంది. అక్కడ శిష్యుడు మొత్తం కేసును ఒకేసారి చేతికి తీసుకోడు. ఒక కేసులో గుర్తులు పెడతాడు, తర్వాతి కేసులో చుట్టూ కోత కోస్తాడు, ఆ తర్వాత పొర కింద కొంత కోస్తాడు. మిగిలింది గురువు పూర్తి చేస్తాడు. ఒకే కేసు రెండు జతల చేతుల మధ్య పంచుకుంటారు. దూరం నుంచి చెప్పే పద్ధతిలో ఈ పంపకానికి చోటు లేదు. శిష్యుడు మొదటి కేసు నుంచే అంతా తానే చేయాలి.

దూర పక్షం: అది దూర పద్ధతికి ఉన్న పెద్ద లోటు. అయితే జపాన్ పద్ధతి నిలబడింది జపాన్ లెక్కల మీద. అక్కడ పొట్ట క్యాన్సర్ ఎక్కువ, తొలి దశలోనే పట్టుకునే పరీక్షలూ ఎక్కువ. అందువల్ల ఒకే ఆసుపత్రిలో గురువు, శిష్యుడు, రోగి తరచూ ఒకేచోట ఉంటారు. తొలి దశ క్యాన్సర్లు అరుదుగా దొరికే దేశంలో ఆ ముగ్గురూ కలవరు. గురువు వారం రోజులకు వస్తే ఆ వారం తగిన రోగి ఉండకపోవచ్చు. తగిన రోగి దొరికిన రోజున గురువు విమానంలోనో, మరో ఖండంలోనో ఉంటాడు. 2020లో కోవిడ్‌తో ప్రయాణాలు ఆగినప్పుడు వర్క్‌షాపులు, ఫెలోషిప్‌లు ఒక్కసారిగా నిలిచిపోయాయి. గురువు సన్నిధి మీదే నడిచే శిక్షణ ఎంత తేలిగ్గా ఆగిపోగలదో అప్పుడు తెలిసింది. దూరం నుంచి నేర్పడం ఫలితాన్నిస్తుందనడానికి వైద్యంలోనే ఉదాహరణ ఉంది. 2003లో న్యూ మెక్సికోలో సంజీవ్ అరోరా ప్రారంభించిన ఎకో కార్యక్రమంలో, పల్లెల్లోని డాక్టర్లు వారం వారం వీడియోలో నిపుణులతో కేసులు చర్చించి హెపటైటిస్ సి రోగులకు మందులిచ్చారు. 2011లో వెలువడిన ఫలితాల్లో యూనివర్సిటీ క్లినిక్‌లో 57.5 శాతం మందికి, ఎకో కేంద్రాల్లో 58.2 శాతం మందికి వైరస్ పోయింది.

సమక్ష పక్షం: ఎకో నేర్పింది నిర్ణయాన్ని, కత్తి పట్టడాన్ని కాదు. మందు చీటీలో దొర్లిన పొరపాటును మరుసటి వారం దిద్దవచ్చు. కండర పొరను కోసిన కత్తిని వెనక్కి తీసుకోలేరు. చేతి పనిని దూరం నుంచి నడిపిన ఘనతల్లో గుర్తుండిపోయేది 2001 సెప్టెంబరు 7న జరిగిన ఆపరేషన్. జాక్ మారెస్కో న్యూయార్క్‌లో కూర్చుని స్ట్రాస్‌బర్గ్‌లోని రోగి పిత్తాశయాన్ని రోబోతో తీశాడు. ప్రత్యేకంగా కేటాయించిన ఆప్టికల్ ఫైబర్ లైను మీద ఆలస్యం సగటున 155 మిల్లీసెకన్లు. రోగి పక్కన సర్జన్లు సిద్ధంగా నిలబడే ఉన్నారు. అంత ఏర్పాటు మామూలు ఆసుపత్రికి అందేది కాదు. జిల్లా కేంద్రంలోని లైను మీద ఆలస్యం కంటే పెద్ద బాధ బొమ్మ గడ్డకట్టడం. బొమ్మను కుదించి పంపినప్పుడు మొదట పోయేవి సన్నని రక్తనాళాల గీతలే, గురువు చూడాల్సిందీ వాటినే. అందుకే లైను తెగినా పూర్తి చేయగలిగిన కేసునే మొదలుపెట్టాలన్న నియమం కావాలి. ఆ నియమం పెట్టగానే దూర పద్ధతి ఇరుక్కుంటుంది. తానే పూర్తి చేయగలవాడికి గురువు అక్కరలేదు, చేయలేనివాడు మొదలుపెట్టకూడదు.

దూర పక్షం: ఆ చిక్కుముడి విడుతుంది. పూర్తి చేయగలగడం వేరు, క్షేమంగా బయటపడగలగడం వేరు. రెండింటి మధ్య ఉన్న దూరంలోనే నేర్చుకోవడం జరుగుతుంది. కొలనోస్కోపీ ఎక్కడైనా ఆపి గొట్టం బయటికి తీయవచ్చు. పెద్ద పాలిప్ కనిపిస్తే ముట్టకుండా, ఎక్కడుందో గుర్తు పెట్టి పెద్ద కేంద్రానికి పంపవచ్చు. ఈఆర్‌సీపీలో రాయి రాకపోతే స్టెంట్ వేసి పిత్తం దిగేలా చేసి బయటపడవచ్చు. రక్తస్రావాన్ని క్లిప్పుతో ఆపడం, చిన్న రంధ్రాన్ని క్లిప్పులతో మూయడం ముందే చేతికి వచ్చినవాడు, పూర్తిగా తనవి కాని కేసుల్ని తెర మీది సలహాతో ప్రయత్నించవచ్చు. లైను తెగితే ఆపి బయటికి వస్తాడు. కాబట్టి దూర శిక్షణలో అడుగుపెట్టే ముందు అడగాల్సిన అర్హత క్షేమంగా బయటపడే నేర్పు. సగం కోసిన ఈఎస్‌డీకి మాత్రం ఈ సూత్రం పూర్తిగా వర్తించదు. ఆపి మానిన చోట మచ్చ కట్టి, మరోసారి కోయడం ఇంకా కష్టమవుతుంది. ఈఎస్‌డీ తొలి కేసుల విషయంలో సమక్ష పక్షం పట్టుదల సబబే.

సమక్ష పక్షం: బయటపడే నేర్పు ముందుగా గురువు పక్కన నేర్చుకోవాల్సిందేనని అంగీకరించినట్లయింది. అప్పుడు బాధ్యత సంగతి చూడాలి. భారత్‌లో 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఒక డాక్టరు మరో డాక్టరును సలహా అడగడానికి వీలిచ్చాయి. కాని చికిత్స బాధ్యత అడిగిన డాక్టరు మీదే ఉంచాయి. డిజిటల్ సాధనాలతో దూరం నుంచి శస్త్రచికిత్సలు, శరీరంలోకి పరికరాలు పంపే చికిత్సలు చేయడం తమ పరిధిలో లేదన్నాయి. వైద్య సిబ్బందికి నిరంతర విద్యనూ పరిధి బయటే ఉంచాయి. అంటే దూరం నుంచి నేర్పే గురువు మాటకు గదిలో బరువు ఉంటుంది, ఆ మాటకు జవాబుదారీ ఎంతన్నది రాసి లేదు. గురువు, శిష్యుడు విభేదించినప్పుడు, కోయమని తెర అంటుంటే వద్దని చేయి అంటున్నప్పుడు, ఎవరి మాట చెల్లాలి? మత్తులోకి వెళ్లబోయే రోగికి ఈ ఏర్పాటు ముందే తెలియాలి. చేసేవారు నేర్చుకునే దశలో ఉన్నారని, చెప్పేవారు వేరే ఊరిలో ఉన్నారని, దృశ్యం బయటికి వెళ్తోందని తన భాషలో విని ఒప్పుకోవాలి. ఈ ఒప్పుకోలు లేకుండా మొదలుపెట్టిన దూర శిక్షణ ఎంత నాణ్యమైనదైనా తప్పే.

దూర పక్షం: రోగి అనుమతి లేనిదే కెమెరా వెలగకూడదు, ఇందులో రెండో మాట లేదు. ఎవరి మాట చెల్లాలన్నదీ ముందే రాసుకోవచ్చు. ఆపమని ఇద్దరిలో ఎవరన్నా ఆపాలి, ముందుకు వెళ్లాలంటే ఇద్దరూ అనాలి. అయితే బాధ్యతలో ఖాళీ దూర పద్ధతికే ఉందనుకోవడం న్యాయం కాదు. వర్క్‌షాపుకు వచ్చిన నిపుణుడు ఉదయం చేసి సాయంత్రం బయలుదేరుతాడు. ఈఆర్‌సీపీ తర్వాత పాంక్రియాటైటిస్ గంటల తర్వాత బయటపడుతుంది. ఈఎస్‌డీ తర్వాత రక్తస్రావం రెండు వారాల దాకా ఎప్పుడైనా రావచ్చు. అప్పుడు పక్కన ఉండేది నేర్చుకుంటున్న డాక్టరు ఒక్కడే. దూరం నుంచి నేర్పే గురువు మర్నాడూ, వారం తర్వాతా అదే తెర మీద దొరుకుతాడు. రిపోర్టు చూస్తాడు, మళ్లీ స్కోపు వేయాలా వద్దా చెప్తాడు, బయాప్సీ ఫలితం వచ్చాక కోసిన అంచుల గురించి మాట్లాడతాడు. తాను చేసిన పని రోగికి ఏమి చేసిందో శిష్యుడు గురువుతో కలిసి చూడటం శిక్షణలో సగం. అది పక్కన కొన్ని రోజులుండి వెళ్లేవారికి దక్కదు.

సమక్ష పక్షం: వచ్చి వెళ్లే గురువు మీద ఈ విమర్శ నిలుస్తుంది. నెలల తరబడి ఒకే విభాగంలో పనిచేసే గురువు మీద నిలవదు. శిష్యుడు అలాంటి విభాగంలోనే ఎవరూ పాఠంగా చెప్పని సంగతులు నేర్చుకుంటాడు. స్కోపును ఎలా కడుగుతున్నారో చూస్తాడు, మత్తు ఎక్కువైనప్పుడు నర్సు ముందుగా ఏం గమనించిందో చూస్తాడు. అన్నిటికంటే ముఖ్యంగా, పేరున్న గురువు కూడా ఒక కేసును మధ్యలో వదిలి ఇది మనవల్ల కాదని సర్జన్‌ను పిలవడం చూస్తాడు. విజయవంతమైన కేసులే ప్రసారమయ్యే తెర మీద ఆ పాఠం అరుదు. శిష్యుడి భుజాలు బిగుసుకోవడం, ఊపిరి బిగబట్టడం, చెప్పిన మాట చెవికెక్కని అలసట పక్కనున్నవారికి ముందే తెలుస్తాయి. ఆ క్షణంలో ఇంకో సూచన ఇవ్వడం హాని, ఆపి విశ్రాంతి ఇవ్వడం మేలు. లోపలి దృశ్యం మీద చూపు నిలిపిన దూరపు గురువుకు అది దాటిపోతుంది.

దూర పక్షం: అయితే రెండు పద్ధతులనూ ఒకే కొలతతో కొలవాలి. కొలనోస్కోపీలో పెద్దపేగు మొదలు దాకా చేరిన కేసుల శాతం, క్యాన్సర్‌గా మారే పాలిప్‌లు కనుక్కున్న శాతం ఇప్పటికే వాడుకలో ఉన్న కొలతలు. కాలిఫోర్నియాలో 136 మంది డాక్టర్లు చేసిన 3 లక్షలకు పైగా కొలనోస్కోపీలను పరిశీలించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక డాక్టరు పాలిప్‌లు కనుక్కునే శాతం ఒక్కటి పెరిగితే ఆయన రోగుల్లో తర్వాత క్యాన్సర్ బయటపడే ప్రమాదం 3 శాతం తగ్గింది. ఈ శాతం పెరిగేది గొట్టాన్ని వెనక్కి తీసేటప్పుడు మడతలను ఓపిగ్గా చూసే అలవాటు వల్ల. ఆ అలవాటును రికార్డింగ్‌లు చూసి, నెలనెలా లెక్క చెప్పి దూరం నుంచే దిద్దవచ్చు. శిక్షణ ముగిసి ఏళ్లు గడిచిన డాక్టర్లకు ఇది ఎక్కువ అవసరం, వారి పక్కన నిలబడటానికి ఏ గురువూ రాడు.

సమక్ష పక్షం: ఆ కొలతలు డాక్టరు కుదురుకున్నాక చెప్పే లెక్కలు. కుదురుకునే లోపు ఆ చేతుల కిందికి వచ్చిన రోగులు కూడా లెక్కలో ఉండాలి. నైపుణ్యం నిలుపుకోవడానికి, పెంచుకోవడానికి, కేసు ఎంచుకోవడానికి తెర చాలునని ఒప్పుకోవచ్చు. మొదటిసారి చేయి తిరగడానికి తెర చాలదు. గురువు దొరకని ఊరిలో ఆ చికిత్స మొదలుపెట్టకుండా రోగిని పంపించడమే వైద్యధర్మం. తొలి దశ క్యాన్సర్ కొన్ని వారాలు ఆగుతుంది, రోగి ప్రయాణం చేయగలడు.

దూర పక్షం: ఆగగలిగే జబ్బుకు ఆ మాట సరిపోతుంది. కాలేయం చెడి అన్నవాహికలో ఉబ్బిన సిరలు పగిలి రక్తం కక్కుతున్న మనిషి ఆగలేడు. అతనికి 12 గంటల లోపు ఎండోస్కోపీ చేసి సిరలకు బ్యాండ్లు వేయాలని, అల్సర్ నుంచి రక్తం పోతుంటే 24 గంటల లోపు స్కోపు వేయాలని మార్గదర్శకాలు చెప్తాయి. ఏజెన్సీ మండలం నుంచి ఆ మనిషిని నగరానికి పంపితే ఆ గంటల్లో ఎన్నో రోడ్డు మీదే పోతాయి. జిల్లా ఆసుపత్రిలో స్కోపు ఉండి, దాన్ని పట్టుకోగల డాక్టరు ఉండి, అనుభవం చాలక వెనకాడుతున్నప్పుడు, తెర మీద ఒక నిపుణుడి మాట ఉండటం, లేకపోవడం రోగి ప్రాణానికి తేడా తెస్తుంది. అక్కడ దూర గురువును పక్కనుండే గురువుతో పోల్చకూడదు, ఎవరూ లేకపోవడంతో పోల్చాలి.

సమక్ష పక్షం: ఆ పోలిక న్యాయమైనదే, రక్తం పోతున్న వేళ తెర మీది మాటను ఎవరూ కాదనలేరు. అయినా బ్యాండు వేయడాన్ని డాక్టరు మొదటిసారి ప్రయత్నించేది ఆ రాత్రే కాకూడదు. రక్తం నిండిన అన్నవాహికలో ఏమీ కనిపించదు, అక్కడ చేతికి ముందే తెలిసిన పని మాత్రమే సాగుతుంది. రక్తస్రావం లేని రోగుల్లో, పగటి వేళ, గురువు పక్కన బ్యాండు వేయడం నేర్చుకున్నవాడికే ఆ రాత్రి తెర మీది సలహా పనికి వస్తుంది. కాబట్టి జిల్లాకు కెమెరా, లైను ఇవ్వడానికి ముందో, వాటితో పాటో, ఆ డాక్టరును కొన్ని నెలలు కేంద్రంలో ఉంచే ఏర్పాటు, ఆ నెలల్లో అతని చోట పనిచేసేవారు, అందుకయ్యే ఖర్చు కావాలి. కెమెరా చవక కాబట్టి ముందు అది వస్తుంది, నెలల శిక్షణ ఖరీదు కాబట్టి వెనకబడుతుంది. ఈ పక్షం భయం సాంకేతికత గురించి కాదు, దాన్ని చూపించి రెండోదాన్ని మానేయడం గురించి.

దూర పక్షం: ఆ భయం అక్కరలేనిది కాదు. దాన్ని కారణంగా చూపి తెరను కూడా ఆపితే నష్టపోయేది మళ్లీ ఆ జిల్లా రోగే. కేంద్రంలో నెలల శిక్షణ అందరికీ దొరికే రోజు వచ్చేదాకా, శిక్షణ కొంత మాత్రమే అందిన డాక్టరు ఈ రాత్రి డ్యూటీలో ఉంటాడు. అతనికి ఏ కేసులో ఎంతవరకు తోడు నిలవాలన్నది రోగి ఎంతసేపు ఆగగలడు, ఆపి బయటపడటం ఎంత సులువు అన్న రెండింటిని బట్టి తేల్చాలి. ఆగలేని రోగి, ఆపగలిగే చికిత్స ఉన్నచోట ఈ పక్షం వెనకడుగు వేయదు. ఆగగలిగే రోగి, ఆపలేని చికిత్స ఉన్నచోట సమక్ష పక్షానికి దారి ఇవ్వాల్సిందే. ఈ రెంటి నడుమ ఉన్న కేసుల్లో ప్రతి ఆసుపత్రీ తన డాక్టర్ల చేతులను, తన లైనును, తన రోగుల దూరాన్ని చూసుకుని గీత గీసుకోవాలి, ఆ గీతను రోగికి చెప్పాలి.